పని చోట సీసీ కెమెరా: ఎక్కడ పెట్టొచ్చు, ఎవరు చూడొచ్చు, ఫుటేజీ ఎలా అడగాలి

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల ప్లాంట్లు, మండపేట, తాడేపల్లిగూడెం రైసుమిల్లులు, రాజమండ్రి బట్టల కొట్లు, అమలాపురం నర్సింగ్ హోములు... కెమెరా లేని పనిచోటు ఇప్పుడు దాదాపు లేదు. దొంగతనం, ప్రమాదం, సరుకు లెక్క, బయటి దేశాల కొనుగోలుదారుల తనిఖీలు, ఇలా పెట్టడానికి న్యాయమైన కారణాలు చాలానే ఉన్నాయి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టమైతే జనం ఎక్కువగా వచ్చే వ్యాపార సంస్థలు కెమెరాలు పెట్టి తీరాలనీ, రికార్డింగ్ 30 రోజులు దాచాలనీ చెబుతుంది. కాబట్టి కెమెరా ఉండాలా వద్దా అన్న వాదనతో పనివాళ్లకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. అది దేన్ని చూస్తోంది, ఆ బొమ్మ ఎవరి ఫోన్లోకి వెళ్తోంది, ఎన్ని రోజులు ఉంటోంది, మనకు అవసరమైనప్పుడు చేతికి వస్తుందా అన్న నాలుగు ప్రశ్నలు పట్టుకోవాలి. మన దగ్గర గొడవలన్నీ ఈ నాలుగింటి దగ్గరే వస్తున్నాయి.

రొయ్యల ప్లాంటునే తీసుకుందాం. గేటు, సరుకు దిగే చోటు, ఐస్ గది, ప్లేట్ ఫ్రీజర్ల దగ్గర, ప్యాకింగ్, కోల్డ్ స్టోరేజీ తలుపు, లోడింగ్... వీటిలో దేనికీ అభ్యంతరం పెట్టనక్కర్లేదు. వొలిచే హాలు మొత్తం ఒక మూల నుంచి కనిపించేలా పైన ఒక కెమెరా ఉన్నా తప్పులేదు. అదే కెమెరాను ఒక బల్ల మీదికి దించి, అక్కడ నిలబడే నలుగురు ఆడవాళ్ల మొహాలూ చేతులూ తప్ప మరేమీ కనిపించకుండా బిగిస్తే, అది సరుకును కాపాడే కెమెరా కాదు. 2.8 మిల్లీమీటర్ల లెన్స్ వెడల్పుగా చూస్తుంది, 6 మిల్లీమీటర్లది ఇరుగ్గా, దగ్గరగా చూస్తుంది. కెమెరా ఎందుకు పెట్టారో లెన్స్‌ను బట్టే సగం చెప్పేయొచ్చు.

ఆ 6 మిల్లీమీటర్ల లెన్స్ నిజంగా ఉండాల్సిన చోటు కాటా. కిలోల లెక్కన కూలి వచ్చే పనిలో రోజూ వచ్చే తగువు తూకం దగ్గరే. టబ్బు బరువు తీసేశారా లేదా, నీరు వార్చారా లేదా, చిట్టీలో రాసింది కాటా చూపించిందేనా? ఈ మూడూ కెమెరాలో తెలియాలి. కానీ మామూలుగా బిగించిన కెమెరాలో కాటా మీది ఎర్ర అంకెలు తెల్లటి మచ్చలా కనిపిస్తాయి, లేదంటే 8 కాస్తా 3లా, సగం అంకెలా పడుతుంది. ఆ అంకెల లైట్లు ఆగకుండా వెలిగి ఆరుతుంటాయి. కెమెరా షట్టర్ ఆటోలో ఉండి మరీ వేగంగా తెరుచుకు మూసుకుంటే ఆరిన క్షణమే పడుతుంది. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు కట్టేసి, వెలుతురు కాస్త తగ్గించి, కాటా మొహానికి ఎదురుగా, రెండు మీటర్ల లోపు బిగిస్తే అంకెలు శుభ్రంగా వస్తాయి. పరీక్ష చెయ్యడం తేలిక: ఖాళీ టబ్బు పెట్టి, తర్వాత తెలిసిన బరువు పెట్టి, రికార్డయినదాన్ని వెనక్కి తిప్పి అంకె చదవండి. లైవ్‌లో చూసి బాగుందనుకోవద్దు. రికార్డింగ్ నాణ్యత చాలాసార్లు లైవ్ కంటే తక్కువ పెట్టి ఉంటుంది. ఈ ఒక్క కెమెరా అడిగి మరీ పెట్టించుకోవాల్సింది.

ఇక ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడని చోట్లు. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, స్నానాల గది, పిల్లలకు పాలిచ్చే గది, హాస్టల్లో పడకలుండే గది, ఆసుపత్రిలో నర్సులు నైట్ డ్యూటీలో నడుం వాల్చే గది. ప్లాంటుల్లో గౌను, టోపీ, గంబూట్లు వేసుకునే గది దగ్గరే చిక్కు వస్తుంది. శుభ్రత నియమాలు పాటిస్తున్నారో లేదో చూడటానికని అక్కడ కెమెరా పెడతారు. చేతులు కడిగే చోటా, కాళ్లు ముంచే తొట్టి దగ్గరా పెట్టుకోవచ్చు. చీర మార్చి డ్రస్సులోకి వచ్చే చోట మాత్రం కుదరదు. రెండూ ఒకే గదిలో ఉంటే మధ్యలో గోడో, నేల దాకా ఉండే తడికో కట్టాకే కెమెరా సంగతి.

తలుపు బయట వరండాలో ఉన్న కెమెరాకూ ఒక పరీక్ష ఉంది. ఒకరు మానిటర్ దగ్గర కూర్చోవాలి, ఇంకొకరు వెళ్లి తలుపు బార్లా తెరవాలి. లోపలి అద్దంలో ఏం కనిపిస్తోంది? పైన వెంటిలేటర్ గుండా ఏం కనిపిస్తోంది? ఇదే పరీక్ష రాత్రి లైట్లు ఆర్పి, కెమెరా నలుపు తెలుపులోకి మారాక మళ్లీ చెయ్యాలి. ఏదైనా పడుతోందంటే ముందు కెమెరా తిప్పండి. అప్పటికీ మూల మిగిలితే డీవీఆర్ (కెమెరాల రికార్డింగంతా దాచే పెట్టె) మెనూలో కెమెరా సెట్టింగుల కింద ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది. ఆ భాగం మీద నల్ల పెట్టె గీస్తే రికార్డింగ్‌లో కూడా అక్కడ నలుపే ఉంటుంది. అయితే పాస్‌వర్డ్ ఉన్నవాడు ఆ పెట్టెను ఎప్పుడైనా తీసేయగలడు. అందుకే ముందు తిప్పమన్నది.

ఈ విషయంలో చట్టం గట్టిగానే ఉంది. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద ఒకరి శరీరంలోని రహస్య భాగాల బొమ్మను అనుమతి లేకుండా తీసినా, పంపినా, ప్రచురించినా మూడేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మగవాళ్లకూ వర్తిస్తుంది, చాలామందికి ఆ సంగతి తెలియదు. ఆడవాళ్ల విషయంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా ఉంది. ఆంతరంగికంగా ఉన్నప్పుడు చూసినా, చిత్రీకరించినా మొదటి నేరానికి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. చిత్రీకరణకు ఒప్పుకున్నా, దాన్ని మూడోవాళ్లకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపడం నేరమే.

ఎవరి ఫోన్లో ఉంది?

గోడ మీది కెమెరా అందరికీ కనిపిస్తుంది. యాప్‌లో చూసేవాళ్లు ఎవరికీ కనిపించరు. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం ఇక్కడే. ఓనరు గారు, ఆయన అబ్బాయి, మేనేజరు, సూపర్‌వైజరు, కిందటేడు మానేసిన పాత మేనేజరు, కెమెరాలు బిగించి వెళ్లిన కుర్రాడు... డీవీఆర్ వెనకో, పెట్టె మీదో ఉండే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అడ్మిన్ పాస్‌వర్డ్ కొడితే చాలు, ఎవరైనా ఇంట్లో కూర్చుని హాలంతా చూడొచ్చు. చాలా చోట్ల బిగించిన రోజు పెట్టిన పాస్‌వర్డే ఇప్పటికీ నడుస్తోంది. అది ఆ కుర్రాడు ఊళ్లో ఉన్న కొట్లన్నిటికీ పెట్టినదే అయి ఉంటుంది.

ఓనర్లు చెయ్యాల్సిన పని అరగంటది. డీవీఆర్‌లో యూజర్ల పట్టిక తెరవండి, పేరు తెలియని ప్రతి ఖాతా తీసేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. యాప్‌లో పరికరం ఎవరి ఖాతాకు కట్టి ఉందో చూడండి. బిగించినవాళ్ల ఖాతాకు ఉంటే విడిపించి సంస్థ ఖాతాకు కట్టండి, ఎవరెవరికి షేర్ చేసి ఉందో చూసి రద్దు చెయ్యండి. సూపర్‌వైజరుకు వేరే ఖాతా ఇచ్చి అందులో లైవ్ మాత్రమే ఉంచండి, పాతది తిప్పి చూడటం, కాపీ తీసుకోవడం ఆపండి. రౌటర్‌లో పోర్టులు (బయటి నుంచి డీవీఆర్‌లోకి వచ్చే దారులు) తెరిచి ఉంటే మూసేయండి. బయటి నుంచి చూడాల్సిన అవసరమే లేని చోట ఇంటర్నెట్ తీగ పీకేయడమే మేలు. డీవీఆర్ ఉన్న గదికి తాళం ఉండాలి. లాగ్ అనే చోట ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో, ఎప్పుడు కాపీ తీశారో పడుతుంది. నెలకోసారి దాన్ని చూసే అలవాటు ఉంటే సగం వెర్రివేషాలు ఆగుతాయి.

పనివాళ్ల వైపు నుంచి అడగాల్సింది ఒక్కటే మాట: చూసే హక్కున్నవాళ్ల పేర్లు కాగితం మీద రాసి ఇవ్వండి. రెండు మూడు పేర్లకు మించి వచ్చాయంటే ఎందుకో అడగాలి. నిద్రపోతున్న వాచ్‌మన్ వీడియోనో, జారిపడ్డ అమ్మాయి వీడియోనో స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి నవ్వుకోవడం మాత్రం ఏ కారణంతోనూ సమర్థించలేని పని. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదు.

మాటల రికార్డింగ్ గురించి కూడా చెప్పాలి. ఈ మధ్య వచ్చే డోమ్ కెమెరాల్లో మైకు లోపలే ఉంటుంది, కొన్ని మోడళ్లలో మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. టీ బల్ల దగ్గర ఇద్దరు చెప్పుకునే మాటలు వినడానికి దొంగతనం కారణం సరిపోదు. సెట్టింగుల్లో ఆడియో ఆపేయమనండి. ఆపారో లేదో ఒక నిమిషం రికార్డింగ్ తిప్పి వింటే తెలిసిపోతుంది.

ఎన్ని రోజులు ఉంటుంది?

ఇది లెక్క. రెండు మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్ల) వేగంతో రాస్తుంటే రోజుకు 21.6 జీబీ పడుతుంది. ఎనిమిది కెమెరాలకు దాదాపు 173 జీబీ. కొట్టుకు బిగించేటప్పుడు తక్కువలో వస్తుందని వేసే 1 టీబీ డిస్కు ఆరు రోజులు కూడా రాదు. నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. అదే 30 రోజులు ఉండాలంటే 5.2 టీబీ, అంటే 6 టీబీ డిస్కు కావాలి. వీడియోను బాగా కుదించే హెచ్.265 పద్ధతి పెట్టి, సెకనుకు 12 నుంచి 15 ఫ్రేములకు తగ్గించి, 1 ఎంబీపీఎస్‌కు దించితే 2.6 టీబీతో సరిపోతుంది, 4 టీబీ డిస్కు హాయిగా పడుతుంది. కాటా కెమెరాను మాత్రం దించొద్దు, అంకెలు చెరిగిపోతాయి.

మన గోదావరి జిల్లాల్లో ఈ లెక్క కూడా తప్పుతుంది. కదలిక ఉన్నప్పుడే రాయమని పెట్టిన కెమెరా రాత్రంతా రాస్తూనే ఉంటుంది. దాని చుట్టూ ఉండే రాత్రి లైట్లకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, గూడు ఊగినప్పుడల్లా కదలికే. వానాకాలంలో వారానికోసారి పొడి గుడ్డతో తుడవకపోతే పది రోజులు రావాల్సిన డిస్కు నాలుగు రోజులకే నిండుతుంది. రైసుమిల్లులో తవుడు దుమ్ము లెన్స్ మీద పేరుకుని అంతా మంచు పట్టినట్టు కనిపిస్తుంది. చెరువుల పక్కన, సముద్రం దగ్గర ఉప్పు గాలికి కేబుల్ చివర పిన్నులు తుప్పు పట్టి బొమ్మ వచ్చీ పోయీ అవుతుంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ లేకపోతే సరిగ్గా ఆ పావుగంటే దొరకదు. డీవీఆర్ లోపలి గుండీ బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంది. అప్పుడు ఫుటేజీ ఉన్నా మీరు అడిగిన తేదీలో కనిపించదు. ‘ఆ రోజుది లేదండీ’ అని చెప్పేస్తారు, పాపం వాళ్లు అబద్ధం ఆడుతున్నారని కూడా అనలేం. సమయం ఇంటర్నెట్ నుంచి తీసుకునేలా ఎన్‌టీపీ ఆన్ చేసి, టైమ్ జోన్ 5:30 పెట్టి ఉందో లేదో చూడమనండి.

ఇక్కడ ఆడవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఒకటుంది. పని చోట లైంగిక వేధింపుల చట్టం, 2013 ప్రకారం ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. కానీ డిస్కు గడువు ఆరు రోజులు. ధైర్యం కూడగట్టుకుని ఫిర్యాదు రాసేలోపు సాక్ష్యం చెరిగిపోతుంది. కాబట్టి ఫిర్యాదు తర్వాత ఇద్దామనుకున్నా, ఫుటేజీ దాచమనే కాగితం మాత్రం అదే రోజు ఇవ్వాలి. అందులో ఏం జరిగిందో రాయనక్కర్లేదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అంతకు తక్కువైతే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. పత్రాలు తెప్పించుకునే విషయంలో విచారణ కమిటీకి సివిల్ కోర్టుకు ఉన్న అధికారం ఉంది. వీడియో ఇవ్వమంటే ఇవ్వాల్సిందే.

కాగితం ఎలా రాయాలి?

నాలుగు వాక్యాలు చాలు:

‘ఫలానా తేదీన ఉదయం 10:15 నుంచి 11:00 వరకు వొలిచే హాలు కాటా దగ్గర కెమెరా, గేటు లోపలి కెమెరాలలో రికార్డయిన వీడియో నాకు అవసరం. అది చెరిగిపోకుండా ఈ రోజే వేరుగా కాపీ తీసి భద్రపరచమని కోరుతున్నాను. డీవీఆర్ గడియారానికీ అసలు సమయానికీ తేడా ఉంటే అది కూడా రాసి ఉంచగలరు. ఈ లేఖ అందినట్టు సంతకం చేసి ఇవ్వగలరు.’

జరిగిన సమయానికి ముందూ వెనకా పావుగంట కలిపి అడగండి. సంతకం పెట్టనంటే అదే కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపి, స్పీడ్ పోస్టులో కూడా వెయ్యండి. ఒక్కరే ఇస్తే కక్ష గట్టే చోట నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టండి. ప్రభుత్వ ఆసుపత్రి, ఆఫీసు అయితే సమాచార హక్కు దరఖాస్తు కూడా వెయ్యొచ్చు. దానికి జవాబు గడువు 30 రోజులు కాబట్టి దాచమనే లేఖ విడిగా ఇవ్వడం మానొద్దు.

కాపీ తీసేటప్పుడు మానిటర్‌ను సెల్‌ఫోన్‌తో తీస్తే అది తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ కోర్టులో నిలబడదు. పెన్‌డ్రైవ్ పెట్టి డీవీఆర్ నుంచే బ్యాకప్ తీయాలి, దాని సొంత ఫార్మాట్‌లో ఒకటి, ఎంపీ4లో ఒకటి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచెయ్యాలి. అందులో ఒక భాగం పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లూ, ఇంకో భాగం నిపుణుడూ నింపాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. హాష్ అంటే ఫైలు నుంచి లెక్కగట్టే అంకెలు, అక్షరాల వరస. ఫైలులో రవ్వంత మారినా అది మారిపోతుంది. అందుకే కాపీ తీసిన రోజే రాసుకోవాలి.

మీ మీద యజమానే వీడియో చూపించి చర్య తీసుకుంటుంటే, మొత్తం వీడియో కాపీ అడగండి. విచారణలో ఆధారంగా వాడేదాన్ని మీకు చూపించి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్నది సహజ న్యాయం. ఇరవై సెకన్ల ముక్క చూస్తే ఫోన్ పట్టుకున్నట్టే ఉంటుంది. దానికి ముందు నిమిషంలో సూపర్‌వైజరే ఫోన్ చేసి ఉండొచ్చు.

జరిమానాల సంగతి ఇంకా స్పష్టం. ‘కెమెరాలో కూర్చుని కనిపించావు, రెండొందలు కోత’ అని నోటిమాటగా కోయడానికి వీల్లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఏ తప్పులకు జరిమానా వేస్తారో ముందే ప్రభుత్వ అనుమతితో నోటీసు పెట్టాలి, సంజాయిషీ అడగాలి, మొత్తం ఆ జీతకాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు, వాయిదాల్లో కోయకూడదు. నెలకు 12,000 వచ్చే మనిషికి నెల మొత్తం మీద 360 రూపాయలు దాటి కోయలేరు. కోత కనిపించిన నెలే జీతం చిట్టీ దాచుకుని కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.

చట్టం ఎంతవరకు ఉంది?

పనిచోటు కెమెరాల కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం మనకు లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. చొరబాటుకు చట్టం ఆధారం ఉండాలి, న్యాయమైన ఉద్దేశం ఉండాలి, అవసరానికి మించకూడదు. ప్రభుత్వ ఆఫీసులో ఇది నేరుగా పట్టుకోవచ్చు. ప్రైవేటు యజమాని మీద ప్రాథమిక హక్కు అంత తిన్నగా పనిచెయ్యదు, అక్కడ మామూలు చట్టాలే దిక్కు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమలవుతాయి. దాని మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. ఉద్యోగ అవసరాలకూ, యజమాని నష్టపోకుండా కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి అక్కర్లేదని 7వ సెక్షన్లో ఉంది. ‘నా డేటా చూపించు’ అనే హక్కు సమ్మతి ఇచ్చిన డేటాకే రాసి ఉంది కాబట్టి కెమెరా ఫుటేజీకి అది అందకపోవచ్చు. ఇది ఆ చట్టంలో పనివాళ్లకు జరిగిన అన్యాయమే అంటాను. మిగిలినవి మాత్రం గట్టివి: డేటా బయటికి పొక్కకుండా కాపాడాలి, లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. అవసరం తీరాక చెరిపేయాలి. ఫిర్యాదు వినే మనిషి ఉండాలి.

ఓనర్లు అప్పటిదాకా ఆగకుండా గేటు దగ్గర తెలుగులో, ఒడియా పనివాళ్లుంటే ఒడియాలో కూడా, ఒక బోర్డు పెట్టొచ్చు: ‘ఇక్కడ సీసీ కెమెరాలున్నాయి. కారణం: సరుకు, తూకం, భద్రత. మాటలు రికార్డు కావు. 30 రోజుల తర్వాత చెరిగిపోతుంది. చూసే అధికారం: మేనేజరు, సెక్యూరిటీ ఇన్‌ఛార్జి. వీడియో కావాలంటే ఆఫీసులో రాసి ఇవ్వండి.’ రాసినదే చెయ్యాలి. మాటలు రికార్డు కావని రాసి మైకు ఆన్‌లో ఉంచితే ఆ బోర్డే మీ మీద సాక్ష్యం.

చివరగా, దాచిన కెమెరా దొరికితే. అనుమానం వచ్చే చోట లైట్లు ఆర్పి ఫోన్ టార్చి వేసి నెమ్మదిగా తిప్పితే లెన్స్ చుక్కలా మెరుస్తుంది. ఫోన్ ముందు కెమెరాతో చూస్తే కొన్ని కెమెరాల రాత్రి లైట్లు ఊదా చుక్కల్లా కనిపిస్తాయి. అవసరం లేని చోట ఛార్జర్, పొగ గంట, గోడ గడియారం, కొత్తగా వచ్చిన కొక్కెం ఉంటే ముందు వాటినే చూడండి. దొరికితే కోపంలో పీకేయొద్దు, లోపలి మెమరీ కార్డు ముట్టుకోవద్దు. పీకితే వేలిముద్రలు పోతాయి, ఎటు తిరిగి ఉందో నిరూపించలేం. ఉన్నది ఉన్నట్టు రెండు మూడు కోణాల్లో ఫొటో తీసి, ఒక గుడ్డ అడ్డంగా వేలాడదీసి, గది మూసి, ఒకరిని తలుపు దగ్గర నిలబెట్టి 112కు ఫోన్ చెయ్యండి. మహిళల హెల్ప్‌లైన్ 181. మా పరిధి కాదని స్టేషన్లో అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. పోలీసులు వచ్చేదాకా మేనేజరుతో సహా ఎవరినీ ఆ గదిలోకి పంపొద్దు. డీవీఆర్ ఉన్న గది తలుపు దగ్గర కూడా ఒకరు నిలబడితే మంచిది.